ఆపా ఇవ్వని మందు

మొన్న బీపీ చూపించుకోవడానికి మా పాత నర్సింగ్ హోముకు పోయాను. సంతోష్‌నగర్ లోపలి గల్లీలో ఉంటుంది. మోకాళ్ళు మొరాయించేదాకా నేను ఆయాగా పనిచేసిన చోటు. కౌంటర్ పక్కన గోడకు కొత్తగా ఒక అద్దాల పెట్టె బిగించి ఉంది. లోపల మందులు. సగం కత్తిరించిన మాత్రల అట్టలు, అడుగున ఎర్రగా పేరుకున్న పిల్లల మందు సీసాలు, ఒక మూలన రబ్బరు మూతల సూదిమందు సీసాలు. పెట్టె మీద తెల్లరంగుతో రాసి ఉంది. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటినాక. ఏ రాతనైనా గబుక్కున మింగలేను, నమిలి మింగాలి. నమిలాను. మీది వరుసలో ‘మిగిలిన మందులు ఇందులో వేయండి, బీదలకు పనికొస్తాయి’ అని ఉంది. కింది వరుసలో మా డాక్టరమ్మ ఆపా పేరు.

ఆమె పోయి ఎంతో కాలం కాలేదు. ఆ పేరు చూస్తే ఏడుపు రావాలి. రాలేదు, కోపం వచ్చింది. ఏ పెట్టెను ఈ గోడ మీది నుంచి పీకించడానికి ఆమె గల్లీ గల్లీతో తిట్లు తిన్నదో, ఆ పెట్టెకే ఆమె పేరు పెట్టారు.

కౌంటర్‌లో మందుల సలీం భాయ్ ఉన్నాడు. పాతవాడే. గడ్డం నెరిసింది, అంతే.

“సలీం భాయ్, గిదేంది?”

“ఆపా తమ్ముని కొడుకు పెట్టిచ్చిండమ్మా. ఆమె పేరు మీద, సవాబ్ కొరకు.”

“గీ పుణ్యం ఆపాకు నచ్చుతదా?”

“పోయినోళ్ళ పేరు మీద నలుగురికి మంచి జరిగితే ఎందుకు నచ్చదు? నువ్వు కూసో. వచ్చుడుతోనే లొల్లి చెయ్యకు. నీ నంబర్ రానీ.”

కూర్చున్నాను. నంబర్ రావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆమె ఆ వరండాలో నా ముందు తిరుగుతూనే ఉంది.

మనిషి పొట్టి. నూలు చీర, మోచేతుల మీదికి మడిచిన తెల్లకోటు, కళ్ళద్దాలకు నల్లదారం. బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. ఆపా వస్తోందని చెప్పుల చప్పుడు కంటే ముందు ఆ వాసన చెప్పేది. పెద్ద సర్కారు దవాఖానాలో ఏండ్ల తరబడి చేసి, అక్కడ రిటైరై మా దగ్గరికి వచ్చిన డాక్టరు. చిన్నా పెద్దా అందరికీ ఆపాయే, అంటే అక్కే. మంచి మనిషి అని రాయమంటే రాయను. నోరు మంచిది కాదు. మెచ్చుకోవడం ఆమె నేర్చుకోలేదు. పేషెంటు దండం పెడితే, “నాకెందుకు పెడతవ్, నీ ఒళ్ళు అదే బాగుచేసుకున్నది” అని మొహం తిప్పుకునేది.

ఎదురుపడ్డ నర్సు చెయ్యి పట్టుకొని ముక్కు దగ్గరికి తెచ్చుకొని వాసన చూసేది. ఆమె కుశలం అడిగే తీరు అది. సబ్బు వాసన వస్తే చెయ్యి వదిలేసి పోయేది. రాకపోతే ఉండేది జాతర. “క్యా జీ, ఎవరి బిడ్డ రోగం ఎవరి బిడ్డకు మోస్తున్నవ్? కూలి ఇస్తున్నరా మోసినందుకు?” కొత్తగా చేరిన ఒక నర్సు ఈ మాటకు బొటబొటా ఏడ్చింది. ఆపా నిలబడి చూసి, “ఏడ్వు, మంచిదే. కాని ఆ చేతులతోని కండ్లు తుడుసుకోకు” అంది.

ఆమె ఉండేది చార్మినార్ పక్క గల్లీలో, ఒక గాజుల దుకాణం మీది మేడలో, తమ్ముడి కుటుంబంతో. కింద దినమంతా గాజుల గలగల, పైన ఈమె బోడి చేతులు. గాజు కిందికి సబ్బు పోదు, గాజు కింద మురికి మనకు కనపడదు, దానికి మనం కనపడతం అనేది. నేను చేరిన మొదటి రోజు నా రెండు చేతులూ పట్టుకొని చూసి, “తియ్” అంది.

“నా మొగడు బతికే ఉన్నడమ్మా” అన్నాను. ఒళ్ళు మండింది నాకు. మాలో చేతులు బోడిగా ఎప్పుడు ఉంటాయో ఆమెకు తెలియనిది కాదు.

“ఉండనీ. వంద ఏండ్లు ఉండనీ. నీ మెడల పుస్తె ఉంది గద, అది చూసుకుంటది ఆయనను. గాజులు డబ్బాల పెట్టు, ఇంటికి పోంగ ఏసుకో.”

కౌంటర్ పక్కన ఒక స్టీలు డబ్బా ఉండేది. పొద్దున వచ్చిన ఆడవాళ్ళందరి గాజులూ అందులో. సాయంత్రం ఎవరివి ఎవరు వేసుకున్నారో అని ఒకటే కొట్లాట. మా అత్త నెల రోజులు నాతో మాట్లాడలేదు. మా ఆయన మాత్రం, “నేను బాగనే ఉన్న గద, ఆమె చెప్పినట్టు చెయ్” అన్నాడు. ఆ స్టీలు డబ్బా ఉన్న చోటే ఇప్పుడు ఈ అద్దాల పెట్టె ఉంది. నేను కూర్చున్నంతసేపూ నర్సులు అటూ ఇటూ పోతుంటే చేతులు గలగలమంటున్నాయి.

గాజులు తీయించడం, చేతులు వాసన చూడడం, ఇవన్నీ ఒకే పనికి. మా వాళ్ళు ‘పవర్ గోలీలు’ అనే యాంటీబయాటిక్‌లు ఎంత తక్కువ వాడితే అంత మంచిదని ఆమె పట్టు. చెయ్యి సాఫ్‌గా ఉంటే రోగం తక్కువ, రోగం తక్కువైతే మందు తక్కువ. ఈ మాట మాకే కాదు, చుట్టుపక్కల కాంపౌండర్లకు, మందుల షాపుల వాళ్ళకు, సూదులు వేసే గల్లీ డాక్టర్లకు కూడా చెప్పాలని మధ్యాహ్నం పేషెంట్లు పోయాక కాన్పుల గది వెనక వరండాలో అందర్నీ కూర్చోబెట్టేది. వట్టిగా పిలిస్తే ఎవరొస్తారు? ఖీమా కూరి వేయించిన లుక్మీలు తెప్పించేది. అవి తినని మాలాంటి వాళ్ళకు బిస్కట్లు. సలీం భాయ్ లుక్మీల పళ్ళెం పక్కనే కూర్చునేవాడు.

“తినేదాంక వింటరు, తిన్నంక మర్చిపోతరు. అందుకే తినకముందు చెప్తున్న” అని మొదలుపెట్టేది. “మక్కా మసీదు ముంగట పావురాలుంటయి. చప్పట్లు కొడితే ఏమైతది?”

“లేస్తయి ఆపా.”

“అన్నీ లేస్తయా?”

“యాడ లేస్తయి” అన్నాడు సలీం భాయ్. “కొన్ని ముదుర్లుంటయి. కన్ను తెరిచి చూసి, మల్ల గింజలు తింటయి.”

“షాబాష్. లేచినయి పోయినయి. లేవని ముదుర్లే ఆడ తిని బలుస్తయి, అవే గుడ్లు పెడతయి. ఆ పిల్లలకు గూడ చప్పట్లంటే భయముండదు. ముక్కు కారినోనికి, ఒళ్ళు నొచ్చినోనికి, అందరికి రెండు పూటల పవర్ గోలీ ఇచ్చి పంపుతున్నరు చూడు, మీరు గిట్ల చప్పట్లు కొడుతున్నరు. రోగంలున్న ముదుర్లను మేపుతున్నరు.”

గల్లీ చివర సూదుల క్లినిక్ నడిపే యాదగిరికి ఎప్పుడూ ఒక మాట ఎక్కువ. “అయితే పటాకా కాల్చాలె ఆపా.”

“కాల్చినం. దానికి గూడ అలవాటు పడ్డయి. ఇగ మన దగ్గర ఒక్క తోపు మిగిలింది.” ఫిరంగిని ఆమె తోపు అనేది. “అది పేల్చినంక గూడ పావురం లేవకుంటే ఏం చేస్తవు?”

“ఇగ దేవునికి దువా చేస్తం” అని ఎవరో అన్నారు. వరండా అంతా నవ్వింది. ఆపా నవ్వలేదు. “హౌ. గదే మిగుల్తది” అంది.

ఆ తోపు నిజంగానే ఉండేది. ఏ మందూ పట్టని మనిషికి ఆఖరున ఇచ్చే సూదిమందు. తాళం వేసిన అల్మారాలో పెట్టి, తను చెప్పకుండా ఎవరూ ముట్టొద్దని కట్టడి చేసింది. వయోజన విద్యలో నాకు తెలుగు అక్షరాలు వచ్చాయని తెలిసి, ఇంగ్లీషులో ఒక్క పేరు నేర్పింది. అది ఆ సూదిమందు పేరు. అట్ట మీద చూపించి పలికించి, “గీ పేరు బయట యాడ కనపడ్డా నన్ను పిలువు” అంది. నేను తప్పుగా పలికితే వెక్కిరించేది కాదు, మళ్ళీ పలికించేది. ఆమె జీవితంలో ఓపిక పట్టిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే. ఆ తోపు మొద్దుబారొద్దు. ఆమెకు కావలసింది అంతకు మించి ఏమీ లేదు.

యాదగిరి లుక్మీలు తిని, తల ఊపి, పోయి మళ్ళీ అవే సూదులు పొడిచేవాడు. ఒకరోజు ఆపా వరండాలోనే అందరి ముందు నిలదీసింది. “పొద్దున నేను మందు వద్దని పంపిన పోరనికి నువ్వు సూది ఇచ్చినవా?”

“ఇచ్చిన ఆపా. అబద్ధం ఎందుకు?”

“ఎందుకిచ్చినవ్? నిన్ననే గద చెప్పిన.”

“మీరు చెప్పింది కరెక్టే. వాళ్ళ నాయన సుతారి మేస్త్రి దగ్గర పనికి పోతడు. పోరడు మంచాన ఉంటే తల్లి పని ఎగ్గొట్టాలె. వాళ్ళకు రేపటికల్లా తగ్గాలె ఆపా. మూడొద్దులు గంజి తాగుకుంట ఇంట్ల ఉండు అని చెప్పనీకి నాకు మొఖం లేదు. నేను ఇయ్యకుంటే ఆ పక్కాయన ఇస్తడు. నా దుకాణం పోతది, వాని దుకాణం నడుస్తది, సూది మాత్రం పడుతది.”

ఆపా నోట్లో లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మారింది. ఆ రోజు లుక్మీలు మిగిలిపోయాయి.

ఇక ఆ పాత పెట్టె సంగతి. మా వైపు ఒక అలవాటు ఉంది. ఇంట్లో ఎవరైనా పోతే, వాళ్ళు వాడగా మిగిలిన మందులు పారేయరు. పోయినవాళ్ళ పేరు మీద బీదలకు పంచుతారు. హిందువులూ అంతే, తురకలూ అంతే. మా నర్సింగ్ హోములో అలాంటి మందుల కోసం కౌంటర్ మీద గోడకు చెక్కపెట్టె ఉండేది. వచ్చినవాళ్ళు వేసిపోయేవారు, కావలసినవాళ్ళు ఏరుకుపోయేవారు. ఏది ఎందుకో, ఎన్ని పూటలు వేసుకోవాలో అడిగేవాడు లేడు. ఎర్రగోలీ వేడికి, పచ్చగోలీ నొప్పికి అని వాళ్ళలో వాళ్ళే చెప్పుకునేవారు.

ఒకరోజు ఒకామె నల్లబురఖాలో, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో వచ్చి, తండ్రి మందుల సంచి ఆ పెట్టెలో కుమ్మరిస్తోంది. ఆపా అప్పుడే అటు వచ్చింది. ఏమనుకుందో ఏమో, పెట్టె దించమని నాతో చెప్పి, అంతా బల్ల మీద బోర్లించింది. నొప్పుల గోలీలు ఒక పక్కకు, పవర్ గోలీలు ఒక పక్కకు. ఆ రెండో కుప్పను దవాఖానా చెత్త వేసే పసుపుసంచిలోకి తోసి, “మూతి కట్టు బాలమ్మా” అంది.

ఆ ఆడమనిషి పసుపుసంచి అంచు పట్టుకుంది. “మా అబ్బా పేరు మీద తెచ్చిన ఆపా. చెత్తల వేస్తున్నవా?”

“మీ అబ్బా పేరు మీద అన్నం పెట్టు బీబీ. దుప్పట్లు పంచు. సగం మందు పంచకు. ఇది తిని ఇంకొకని అబ్బా పోతడు.”

అనగూడని మాట. ఆమె అక్కడే కూలబడి గుండెలు బాదుకుంది. వరుసలో కూర్చున్న పేషెంట్లు లేచారు. “పత్తర్ దిల్” అన్నారు. రాతిగుండె. మా పెద్దసారు మేడ మీది నుంచి దిగి వచ్చాడు. “ఆపా, జనం బాధపడుతున్రు” అన్నాడు మెల్లగా.

“జనం ఇంకా బాధపడలే సార్. పడతరు. ఈ పెట్టె అన్న ఉండాలె, నేనన్న ఉండాలె.”

పెట్టె పోయింది. దాంతోపాటు సగం మంది పేషెంట్లూ పోయారు. ‘మందు ఇయ్యని డాక్టర్’ అని గల్లీలో పేరు పడింది. మధ్యాహ్నం వరండాకు వచ్చేవాళ్ళు కూడా తగ్గారు. చివరికి మేము నలుగురం ఆయాలం, పళ్ళెం పక్కన సలీం భాయ్.

ఆ గొడవ జరిగిన సాయంత్రం ఆమె వరండాలో ఒక్కతే చాయ్ తాగుతోంది. నేను నేల తుడుస్తున్నాను. “ఆమె తండ్రి సచ్చిపోయిండు బాలమ్మా. మెల్లగ చెప్పాల్సింది” అంది.

“మెల్లగ చెప్తే విననే వినకపోతుండె ఆపా.”

“హౌ, వినకపోతుండె. అయినా మెల్లగ చెప్పాల్సింది.” బిస్కట్ చాయ్‌లో ముంచింది. అది మెత్తబడి చాయ్‌లోనే పడిపోయింది. తీయలేదు.

నేను పని మానేశాక ఆమెను అరుదుగానే చూశాను. ఆమెకు షుగర్ ఉంది. కొత్తచెప్పు కరిచి కాలికి పుండయిందని, పెద్ద దవాఖానాలో పెట్టారని సలీం భాయ్ ఫోన్ చేస్తే పోయాను. మంచంలో ఇంకా పొట్టిగా కనపడింది. కాలు మోకాలిదాకా కట్టు. లవంగం వాసన లేదు. నన్ను చూసి చెయ్యి చాచింది. పట్టుకుంటుందనుకున్నాను. నా చెయ్యి ముక్కు దగ్గరికి తీసుకుపోయింది.

“కడుక్కునే వచ్చిన ఆపా.”

“కూసో. మంచం మీద కాదు, స్టూలు మీద.”

కూర్చున్నాను. సీసాలోంచి మందు చుక్కచుక్కగా ఆమె చేతిలోకి దిగుతోంది. గడ్డంతో దాన్ని చూపించింది.

“తోపు పేల్చిన్రు బాలమ్మా.”

“మరి?”

“పావురం లేవలే.”

మళ్ళీ ఆమే అంది. “గీ ముదురు యాడ బలిసిందో. యాదగిరి దగ్గర్నో, ఇంకోడి దగ్గర్నో. నేను చేసిన వార్డులనేమో గూడ. కొత్తల నేను తక్కువ చప్పట్లు కొట్టలే బాలమ్మా. వచ్చినోనికల్లా రాసిన. అప్పుడు మాకు గట్లనే మంచిగనిపించింది.” నా వైపు తిరిగి, “దువా చేస్తవా?” అంది.

“చేస్త ఆపా.”

“చేతులు కడుక్కొని చెయ్.”

అది ఆమె నాతో మాట్లాడిన ఆఖరు మాట. వారం తిరగలేదు.

నంబర్ ఇంకా రాలేదు. నేను లేచి మళ్ళీ ఆ అద్దాల పెట్టె దగ్గరికి పోయాను. మూలన ఉన్న సూదిమందు సీసాల మీది పేరును నమలనక్కర్లేకపోయింది. ఆపా నేర్పిన ఒక్క పేరు అదే.

“సలీం భాయ్, గీ సూదులు ఎవరియి?”

“ఆపా కొరకు తెచ్చినయే. మిగిలినయి. మస్తు పిరం మందమ్మా, తమ్ముని కొడుకు పారేయబుద్ధి గాక ఇచ్చిండు.”

“ఆమె ఒంట్ల పని చెయ్యలే గద.”

“వేరేటోళ్ళ ఒంట్ల చెయ్యొచ్చు.”

ఆ మాట అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉంది. “చేస్తది. ఎవడో ఒక్క సీసా పట్కపోయి యాదగిరి దగ్గర ఒక్క పూట పొడిపించుకుంటడు. మిగిలిన పూటలకు యాడికెళ్ళి తెస్తడు? లుక్మీలు తిన్నది గుర్తుంది గాని, పావురాలు గుర్తులేవా నీకు?”

సలీం భాయ్ గడ్డం గోక్కున్నాడు. తర్వాత పెట్టె తాళం తీసి, ఆ సీసాలు నా చేతిలో పెట్టి, కాలితో పసుపుసంచిని నా వైపు నెట్టాడు. వేసి మూతి కట్టాను. ముడి నా చేతులు మర్చిపోలేదు.

“మిగతావి గూడ తియ్.”

“మిగతావి ముట్టకమ్మా, నీకు దండం పెడత. ఆయన వచ్చి చూస్తడు. పెద్దమనిషి పేరు మీది పెట్టె ఖాళీగ ఉంటే ఏం మర్యాద?”

ఇంతలో ఒక పిల్ల తల్లి మెట్లెక్కి వచ్చింది. పూలమ్మే మనిషి, పొద్దుటి బంతిపూల రేకులు కొంగుకు అంటుకొని ఉన్నాయి. చంకలో బిడ్డకు ముక్కు కారుతోంది, ఒళ్ళు కాలుతున్నట్టు కళ్ళు ఎర్రబడ్డాయి. డాక్టరు గది వైపు చూడను కూడా చూడలేదు. తిన్నగా పెట్టె దగ్గరికి వచ్చి, సలీం భాయ్ ఇంకా తాళం వేయని ఆ తలుపు తీసి, ఎర్రమందు సీసా ఒకటి తీసుకుంది. పెట్టె మీది పేరును వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది.

“అది పాడైన మందు బిడ్డా” అన్నాను. “నీళ్ళు కలిపినంక వారం దాటితే పనికిరాదు. ఎవరు ఎన్నడు కలిపిన్రో. లోపల డాక్టర్ ఉన్నడు, చూపియ్యి.”

“ఆపా మందు పాడైతదా అమ్మా? మా గల్లీల ముగ్గురు పట్కపోయిన్రు.”

“గామెను నువ్వెరుగుదువా? ఆపా ఉంటే నీ బిడ్డకు గీ మందు ఇయ్యకపోతుండె.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. కోపంగా కాదు. ఏమీ తెలియని ముసలిదాన్ని చూసినట్టు.

“నాకెర్కలేదా? ఉన్నప్పుడు ఇయ్యకపోతుండె అమ్మా. ఇప్పుడు ఇస్తున్నది.”

సీసాను వెలుతురుకు ఎత్తి ఒకసారి ఊపి చూసుకొని, కొంగున ముడి వేసుకొని, మెట్లు దిగి పోయింది.